అన్నీ ఉన్నాయన్నారు

ఎదుటి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఇన్‌స్టాలర్ సగంలో ఆగి టంగుమంది. రాజమండ్రిలోని నా ఒంటిగది ఆఫీసులో ఆ చప్పుడు వినగానే ఇప్పటికీ నిటారుగా కూర్చుంటాను. వెనక సత్యానందం గారు నిలబడి చూస్తున్నారేమో అనిపిస్తుంది. ఆయన పోయి రెండేళ్లయింది. నాకు పని నేర్పింది ఆయనే. నేర్పినవాటిలో ముఖ్యమైనదాన్ని ఆయన విషయంలోనే మరిచిపోయాను.

రామచంద్రపురంలో బట్టల కొట్టు పైన ఆయన ఆఫీసు. రైసు మిల్లుల్లో ధాన్యం బళ్లు తూచే కాటాలకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఉన్నది ఇద్దరమే. భార్య పోయాక ఆయనకు ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆఫీసు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, "ఇలా వచ్చి కూర్చోమ్మా, ఒక్కణ్ణే తింటుంటే ముద్ద దిగట్లేదు" అనేవారు. "పర్లేదండి" అని నా డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి పోయేదాన్ని. ఏం మొహమాటమో, పాడు మొహమాటం.

మా సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్‌లో ముందే మరో మూడు ప్యాకేజీలు, అంటే దానికి ఆసరాగా నిలిచే చిన్న ప్రోగ్రాములు, ఉండాలి. నేను రాసిన మొదటి ఇన్‌స్టాలర్ "అవసరమైన ప్యాకేజీలు ఉన్నాయా?" అని మర్యాదగా అడిగేది. ఉన్నాయని నొక్కితే నమ్మి ముందుకు పోయేది. కోతల రోజుల్లో ఒక మిల్లుకు నేనే వెళ్లాను. అక్కడి గుమాస్తా అదేమిటో తెలియకుండానే "ఉన్నాయి" నొక్కేశాడు. పాత ప్రోగ్రామ్ చెరిగిపోయింది, కొత్తది ఎక్కలేదు, కాటా ఆగిపోయింది. ఆ ఊళ్లో నెట్ లేదు. గేటు బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి, పైన మబ్బు పట్టింది. ధాన్యం మీద పరదాలు కప్పుకుంటూ రైతులు చూసిన చూపులకు తలెత్తలేకపోయాను. ఫోన్ చేస్తే సత్యానందం గారు బస్సెక్కి వచ్చారు. మిల్లు యజమానితో "తప్పు నాదండి, అమ్మాయిది కాదు" అని, పెన్‌డ్రైవ్‌లోంచి ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా ఎక్కించారు. చినుకు పడకముందే కాటా కదిలింది.

తిరుగు బస్సులో మాత్రం తలంటారు. "వాళ్లనడుగుతావేంటమ్మా? పని తొందరలో ఉన్నోడు ఏదడిగినా ఉందనే అంటాడు. నువ్వే వెతికి చూసుకో. లేకపోతే నువ్వే పెట్టు."

తర్వాత నేను రాజమండ్రి వచ్చేశాను. నెలకోసారి ఫోన్ చేసేదాన్ని.

"ఒంట్లో ఎలా ఉందండీ? అన్నీ ఉన్నాయా?"

"ఆఁ, అన్నీ ఉన్నాయమ్మా. నీ పని చూసుకో."

చివరిసారి ఆయన గొంతు నీరసంగా అనిపించింది. బస్సులో గంటన్నర దారి. వెళ్లలేదు. ఆయన పోయాక వెళితే పక్కింటావిడ, "రెణ్ణెల్లుగా వంట మానేశారండి. పాలూ బ్రెడ్డే. మందులు తెచ్చిపెట్టే మనిషి కూడా లేరు" అంది. వంటింట్లో గ్యాస్ బండ ఖాళీగా ఉంది. దుఃఖం కన్నా ముందు సిగ్గేసింది.

నా ఇన్‌స్టాలర్లు ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగవు. వెతికి, లేనివాటిని పెట్టుకున్నాకే పాతదాన్ని ముట్టుకుంటాయి. మనుషుల దగ్గర నాకింకా ఆ ఒడుపు రాలేదు. మొన్న జ్వరంతో ఒక్కదాన్నే పడుకుని ఉంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నీ ఉన్నాయా అక్కా?"

"ఉన్నాయిరా" అన్నాను.

వాడు సరేనని పెట్టేశాడు.