రతనపురపు కోటవద్ద నా ఉద్యోగపరీక్ష

బిలాసుపురపు రైల్వే కాలనీలోని మా తెలుగువారికి ఏటికొకసారి రతనపురపు కోటను దర్శించుట ఒక వ్రతము. హైహయరాజులు శతాబ్దములు ఏలిన రాజధాని అది. బురుజులు కూలి, ప్రాకారములపై మేకలు మేయుచున్నను, చూడవచ్చువారికి మాత్రము కొదువ లేదు. దోషమొక్కటే: అచ్చటికి రైలు లేదు. రైలుకూత వినుచు పుట్టి, రైలుజీతముతో పెరిగిన జనులకు ఎడ్లబండి ప్రయాణము వట్టి అరాచకముగా తోచెడిది.

ఆ లోపమును తీర్చినవారు పింఛను పుచ్చుకొన్న గార్డుగారొకరు. మా అయిదు బండ్లలో మొదటిదానికి ఇంజను అనియు, కడపటిదానికి బ్రేకు అనియు పేర్లు పెట్టి, తాము ఈల, పచ్చజెండా, ఎఱ్ఱజెండాలతో కడపటిదానిలో ఆసీనులైరి. వారు జెండా ఊపనిదే ఎద్దు అడుగు వేయరాదు.

నా మటుకు అది వినోదయాత్ర గాదు. కాలనీలోని తెలుగుబడికి పంతులు కావలసియుండెను. నియామకము పెద్దగుమాస్తాగారి చేతిలో నుండెను. "కోటదగ్గర దాని చరిత్ర చెప్పండి, అందరం వింటాం. జనాన్ని కూర్చోబెట్టగలరో లేదో అక్కడే తేలిపోతుంది" అని వారు సెలవిచ్చిరి. ఎనిమిది నెలలుగా నేను అక్కగారి క్వార్టరులో భుజించుచుంటిని. బయలుదేరునపుడు మా బావగారు భుజము తట్టి, "ఇదీ పోయిందంటే ఏటి బెంగ, బావమరిదీ? షెడ్డులో బొగ్గెత్తే పనుంది. పద్యం పాడుకుంటూ ఎత్తొచ్చు, ఎవరూ ఏటీ అనరు" అని ధైర్యము చెప్పిరి.

త్రోవలో ఎదురుగా గడ్డిబండివాడొకడు వచ్చెను. "సింగిల్ లైను! క్రాసింగు!" అని కేకవేసి, గార్డుగారు ఎఱ్ఱజెండా చూపి, మా బండ్లన్నిటిని ప్రక్కకు తీయించి వానికి దారి యిచ్చిరి. వాడు మమ్ము చూచి భయపడి తానును నిలిచిపోయెను. ఒకరికొకరు దారి యిచ్చుకొనుచు ఉభయులును అరగంట నిలిచిరి. "కా హోగే బాబూ?" ఏమైనదని వాడు తుదకు అడుగగా, గార్డుగారు బదులుగా పచ్చజెండా ఊపిరి. దానికి వాని యెద్దులు బెదరి పొలములోనికి దూకెను. లైను నిజముగానే క్లియరయ్యెను.

కోట చేరుసరికి మధ్యాహ్నము. గార్డుగారు గడియారము తీసి, "లేటు. ఇక్కడ హాల్టు ఇరవై నిమిషాలే" అని ప్రకటించిరి. నా ఉపన్యాసము మూడు గంటలది.

పదితలల అసురుడు తన తలలు నఱకి హోమము చేయుచున్న శిల్పమొకటి కోటవాకిట నున్నది. దానిక్రింద నిలిచి ప్రారంభించితిని. రాజవంశమును మూలమునుండి చెప్పుట పెద్దల మర్యాద గదా. హైహయులు చంద్రవంశీయులు గనుక చంద్రునితో ఎత్తుకొంటిని. ఆయనను పాలసముద్రమునుండి వెడలించి, ఆకాశమున నిలిపి, పెండ్లిమాట ఎత్తునప్పటికి ఇరువది నిమిషములయ్యెను. కోట కట్టవలసిన రాజు పుట్టుటకు ఇంకను కొన్ని యుగములు కలవు. ఈల మ్రోగెను.

సభవారెవ్వరును నన్ను అవమానింప తలచలేదు. వారి కాళ్లు వారి మాట వినలేదు, అంతే. ఈల వినిన రైలుమనిషి నోటిలోని కబళమునైన విడిచి పరుగెత్తును. పెద్దగుమాస్తాగారు "ఆహా" అనబోయి, "ఆ" మాత్రము నాయొద్ద విడిచి, "హా"తో బండి యెక్కిరి. బండ్లు మా బసకు కుదిర్చిన సత్రమువైపు సాగిపోయెను.

మిగిలినవారము ఇద్దరము: నేనును, పెద్దగుమాస్తాగారి తల్లియు. ఆవిడ గోడనానుకొని పులిహోర మూట విప్పుచుండెను.

"అమ్మగారూ, బండ్లు వెళ్లిపోయినవి!"

"పోనీ బాబూ. తలలు లెక్కెట్టుకుంటే వాళ్ళే వస్తారు. కూకో. ఆ పది తలలోడు ఏటి చేస్తన్నాడు?"

శివుని మెప్పించుటకై తలలు నఱకుకొనుచున్నాడని చెప్పితిని.

"తొమ్మిది నరుక్కున్నాడు, సరే. పదోది నరికీసేక కత్తి కింద పెట్టిందెవరు?"

"పదవది నఱకబోవునంతలో శివుడు ప్రత్యక్షమయ్యెనమ్మా."

"అచ్ఛా! పనంతా అవ్వకముందే మెచ్చీసుకున్నాడా! అలాటి పైఆఫీసరు మావాడికి ముప్పయ్యేళ్ళలో ఒక్కడు దొరకలేదు." ఆవిడ నాకొక విస్తరాకు ముక్కలో పులిహోర పెట్టి, "ఈ రాజుగారింట్లో పొయ్యిలెన్ని?" అనెను.

"తెలియదమ్మా."

"రాణిగారికి నీళ్ళెక్కడివి?"

"అదియు తెలియదు."

"మరి తెలిసిందేటి?"

సిగ్గుపడి, చంద్రుని ఆకాశముననే విడిచి, నిక్కముగా తెలిసినది చెప్పితిని: హైహయులు ఇచ్చట ఏలిరి, పిమ్మట మరాఠాలు వచ్చిరి, ఆ తరువాత కచేరీలన్నియు వేఱుచోటికి తరలిపోగా కోట మేకలపాలయ్యెను. పులిహోర ముగియకమున్నే చరిత్ర ముగిసెను. అది అంత పొట్టిదని నాకును ఆనాడే తెలిసినది.

వెనుకకు నడుపుటకు నిబంధన లేదని గార్డుగారు పట్టుబట్టుటచే, బండ్లన్నియు సత్రము చేరిన పిమ్మటనే ఒకటి మాకై వచ్చెను. అందులో పెద్దగుమాస్తాగారు వచ్చిరి. తల్లిని చూచి ఊపిరి పీల్చుకొని, నా వంక తిరిగి, మిక్కిలి మొగమాటముతో, "మీ చరిత్ర వినడం వీలుపడలేదు పంతులుగారూ. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అనిరి.

అక్కగారి యింట మఱి పండ్రెండు నెలల భోజనమును నేను వ్రేళ్లపై లెక్కించుకొంటిని.

"వచ్చే ఏడేటిరా?" అనెను తల్లి. "నేను విన్నాను గదా. రెండుసార్లు తెలీదన్నాడు. మీ బడికొచ్చిన పంతుళ్ళలో ఆ మాట అన్నవాడు ఒక్కడున్నాడా?"

"అమ్మా, ఉద్యోగం ఇచ్చేది నేను."

"ఇయ్యి మరి."

ఇచ్చిరి.