ఎనిమిది రోజుల పని

హోసూరు ఫ్యాక్టరీలో విడిభాగాల స్టోరు కంప్యూటర్ ప్రోగ్రాంను రామకృష్ణప్ప పద్దెనిమిదేళ్ళుగా చూసుకుంటున్నాడు. అత్తిముగం నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తాడు. మేనేజర్లు ఐదుగురు మారారు, పద్ధతులు నాలుగు మారాయి. ప్రోగ్రాం మాత్రం అతని మెడకే వేలాడుతోంది. ఈ ఏడాది వచ్చిన పద్ధతి పేరు అజైల్. పనిని రెండేసి వారాల ముక్కలుగా కోయాలి. ఏ పనికి ఎన్ని రోజులో అందరూ ఒక్కసారే వేళ్ళెత్తి చూపాలి. ఒకరి మాటకు ఇంకొకరు లొంగకుండా ఉండటానికట ఆ ఏర్పాటు.

రామకృష్ణప్ప ఇప్పటికి రెండుసార్లు లొంగాడు. పక్కవాళ్ళు మూడన్నారని తనూ మూడన్నాడు. రెండుసార్లూ పని తెమల్లేదు, బోర్డు మీద అతని పేరు పక్కన ఎర్రచుక్క పడింది. ఇంకొకటి పడితే టీంలో చోటుండదని పైనుంచి కబురు. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి ఇంకే టీం తీసుకుంటుంది?

సోమవారం పొద్దున, స్టోరుకు వాపసొచ్చే సామాన్లను ప్రోగ్రాంలో వెతికే వీలు కల్పించే పని బోర్డెక్కింది.

"ఎత్తండి!" అంది దివ్యశ్రీ. విజయవాడ నుంచి వచ్చిన ఆ అమ్మాయే ఈ పద్ధతికి పెద్ద. అందరివీ మూడేసి వేళ్ళు లేచాయి. రామకృష్ణప్పవి ఎనిమిది.

"ఏమన్నా, రెండు చేతులూ ఎత్తేసినావు, సరెండరా?" అన్నాడు టీంలో కుర్రాడు యతీశ్. అందరూ నవ్వారు.

"అన్ని రోజులెందుకో చెప్పండి సార్," అంది దివ్యశ్రీ.

"తప్పు నాదేనమ్మా. మొదట్లోనే వాపసు నంబర్లకు వేరే గడి పెట్టాల్సింది. అప్పటి మేనేజరు మూడు రోజుల్లో కావాలని నెత్తిన కూచున్నాడు. ఆ నంబర్లన్నీ రిమార్కుల గడిలోకి తోసేసినాను. మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు వేరే గడి పెట్టేదానికి రెండు రోజులు, పాత నంబర్లు ఏరి దాంట్లోకి మార్చేదానికి మూడు. ఆపైన మీరు చెప్పే మూడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నది కక్కేస్తే తేలికవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే.

దివ్యశ్రీ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. "నిజమే సార్. కానీ ఎనిమిదంటే పైవాళ్ళు ఒప్పుకోరు. ఐదు వేసుకుందామా?"

"సంతలో టమాటా బేరమా అమ్మా ఇది?"

"ప్లీజ్ సార్. నా పేరు కూడా పైవాళ్ళ దగ్గర ఇంకో బోర్డు మీద ఉంటుంది."

అతనికి ఆ పిల్ల మీద కోపం రాలేదు. "సరే, ఐదే రాసుకో. ఏ మూడు రోజుల పని వదిలేయాలో అది కూడా కింద రాయి. మళ్ళీ చుక్క నాకు పెట్టొద్దు."

ఆమె బోర్డు మీద ఐదు వేసి, కింద చిన్న అక్షరాలతో రాసింది: పాత వాపసులు తర్వాత.

మీటింగు ముగిశాక రామకృష్ణప్ప స్టోరుకు నడిచాడు. అక్కడ పనిచేసే కాంతమ్మ సామాన్లు స్కాన్ చేస్తోంది.

"కాంతమ్మా, పాత వాపసు సామాను ఎవరన్నా అడిగితే కంప్యూటర్లో దొరకదు, ఇంకా కొన్నాళ్ళు నువ్వే ర్యాకుల్లో ఎతుక్కోవాల."

"అదేందప్పా, కొత్త పద్ధతి వచ్చిందంటిరే?"

"వచ్చిందమ్మా," అన్నాడు రామకృష్ణప్ప, ర్యాకులెక్కే నిచ్చెనను ఆమె వైపు జరుపుతూ.