గేటు ఫోనులో ఇరవై నాలుగు

కరోనా వచ్చే ముందు ఏడాది. జగ్గయ్యపేట వైపు వెళ్లే చిన్న బ్రాంచి లైన్లో నేను గేట్ కీపర్‌గా చేరి అప్పటికి మూడేళ్లయింది. మా నాన్న అదే లైన్లో గ్యాంగ్‌మన్, అంటే పట్టాలూ కంకరా చూసుకునే మనిషి. సర్వీసులో ఉండగానే పోయారు కాబట్టి ఉద్యోగం నాకిచ్చారు. రైల్వేలో చేస్తానంటే నందిగామలో మా చుట్టాలు "ఏ రైలు?" అని ఆట పట్టిస్తారు. వాళ్ల తప్పేం లేదు. సున్నపురాయి, బొగ్గు, సిమెంటు కోసం వేసిన లైను మాది. నా గేటు ముందు నుంచి వెళ్లేవన్నీ గూడ్సు బండ్లే.

ఈ లైనుతో పాటే గేటు పక్క హోటలూ పుట్టింది. ఇప్పుడు దాన్ని నడిపేది రాహేలక్క. పట్టాలు వేసే కూలీలకి ఆమె అత్తగారు అన్నం, పచ్చడి పెట్టడంతో మొదలైందట. తర్వాత రేకులు పడ్డాయి, బల్లలు వచ్చాయి. ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజన్లో రెండో డ్రైవరు, ఒకతను హోటల్ అని విని, బ్యాగుతో వచ్చి రూమ్ చూపించమన్నాడు. రాహేలక్క అతన్ని తీసుకెళ్లి వంటగది చూపించింది.

ఫ్యాక్టరీ సైడింగ్‌లో, అంటే ఫ్యాక్టరీలోకి వెళ్లే పక్క లైన్లో, బండి లోడవడానికి గంటలు పడుతుంది. ఇంజన్లో ఇద్దరూ, వెనక గార్డూ ఆకలితో ఉంటారు. మా నాన్న రోజుల్లో డ్రైవర్లు గేటు దాటుతూ ఎన్ని భోజనాలు కావాలో అన్ని చిన్న కూతలు వేసేవారు. ఇంజన్లో పెద్దాఫీసరు ఉండగా ఎవరో అలవాటు కొద్దీ మూడు కూసి చీవాట్లు తిన్నారు. దాంతో ఆ పద్ధతి పోయింది. నా కాలానికి భోజనాలు ఫోనెక్కాయి. స్టేషన్ మాస్టర్ గారు గేటు ఫోనులో నాకు చెప్తారు, నేను కిటికీలోంచి రాహేలక్కకి అరుస్తాను. రూల్ ఒప్పుకోదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు.

గేటు ఫోను ఉన్నది ప్రైవేట్ నంబర్ కోసం. బండి వదిలే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తారు. నేను గేటు వేసి, నా దగ్గరున్న షీట్‌లో తర్వాతి రెండంకెల నంబర్ చెప్పి, దాని మీద గీత కొట్టేస్తాను. ఆయన దాన్ని రిజిస్టర్లో రాసుకుంటారు. ఆ నంబర్ చెప్పానంటే గేటు పడిందని నేను మాటిచ్చినట్టు. అది లేకుండా బండి కదలకూడదు.

ఆ ఏడాది ఒక రోజు స్టేషన్ దగ్గర పట్టాల పనికి పెద్ద గ్యాంగ్ వచ్చింది. మధ్యాహ్నం ఎంతమందికి భోజనం పెట్టగలదో రాహేలక్కని అడిగి చెప్పమని మాస్టర్ గారు పొద్దున్నే అన్నారు. అడిగితే, బియ్యం చూసుకుని చెప్తానంది అక్క. పదకొండింటికి మళ్లీ ఫోన్ మోగింది.

"బండి రెడీగా ఉందమ్మా. గేటేసి నంబర్ చెప్పు."

"లైన్లో ఉండండి సార్" అని రిసీవర్ బల్ల మీద పెట్టి బయటికి పరిగెత్తాను. అక్కడ మిరపకాయ బస్తాల ట్రాక్టరు సరిగ్గా పట్టాల మీద ఆగిపోయి ఉంది. డ్రైవరు దిగి ఇంజన్ని తిడుతున్నాడు. నాకు కంగారు లేదు. నేను నంబర్ చెప్పందే బండి రాదు కదా అనుకుంటూ ట్రాక్టరు తోయడానికి నలుగుర్ని పిలిచాను.

అంతలో ఆ లెక్క చెప్పడానికి రాహేలక్క గేటు గదిలోకి వచ్చింది. బల్ల మీది రిసీవర్లోంచి "హలో, నంబరెంతమ్మా?" అని వినపడింది. భోజనాల సంగతనుకుని తీసి, "ఇరవై నాలుగండి" అని చెప్పి పెట్టేసింది.

ఆడగొంతు, రెండంకెల నంబర్. ఆయన రాసుకున్నారు, బండి వదిలారు.

కూత వినపడగానే ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట బండికి ఎదురు పరిగెత్తాను. ఖాళీ వ్యాగన్ల బండి, మా లైన్లో వేగమూ తక్కువే. డ్రైవర్ గారు జెండా చూసి బ్రేకు వేశారు. గేటుకి రెండు కరెంటు స్తంభాల దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ట్రాక్టరు పక్కకి తోయించి, గేటు వేసి, ఫోన్ చేశాను. మాస్టర్ గారు అడిగారు: "ఇరవై నాలుగన్నావు కదమ్మా?"

"నా షీట్‌లో తర్వాతిది సిక్స్ వన్ సార్. నేనింకా చెప్పనేలేదు."

వెనక రాహేలక్క గోడకి ఆనుకుంది. "నేనే చెప్పా విమలా. భోజనాలనుకున్నా."

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ వస్తున్నారని కబురొచ్చింది. నిజం చెప్తే గేటు ఫోనులో భోజనాల కథంతా బయటపడుతుంది. రైలు వాళ్లెవరూ అక్కడ తినకూడదని ఆర్డరేస్తే హోటల్ మూతపడుతుంది. దాని మీదే వాళ్లింట్లో ఆరుగురు బతుకుతున్నారు. చెప్పకపోతే, గేటు వేయకుండా నంబరిచ్చానని నా ఉద్యోగం పోతుంది. ఆలోచించి, "నువ్వు నోరెత్తకక్కా. పొరపాటున నేనే అన్నానని చెప్తా" అన్నాను. ఎందుకో అప్పుడు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

ఇన్‌స్పెక్టర్ గారు మాస్టర్ గారిని వెంటబెట్టుకుని వచ్చారు. షీటు చూశారు, నా మాట విన్నారు, కళ్లద్దాలు తీశారు.

"ఏమన్నావు? సరిగ్గా అదే మాట చెప్పు."

"ఇరవై నాలుగన్నా సార్."

"మూడేళ్ల నుంచి చేస్తున్నావు. ప్రైవేట్ నంబర్‌ని ఇరవై నాలుగంటావా? టూ ఫోర్ అంటావా?"

అక్కడే దొరికిపోయాను. మేం ఎప్పుడూ ఒక్కో అంకె విడిగా, ఇంగ్లీషులోనే చెప్తాం. ట్రైనింగ్‌లో మొదటి రోజు నేర్పేది అదే. మాస్టర్ గారు తల దించుకుని, "నేనూ పట్టుకోలేకపోయా సార్" అన్నారు.

అప్పుడు గుమ్మంలోంచి రాహేలక్క లోపలికొచ్చింది. చేతులకింకా పిండి ఉంది.

"ఆ ఇరవై నాలుగు నాదండి. గ్యాంగ్ వాళ్ల భోజనాలు. ఈ పిల్ల నన్ను వెనకేసుకొస్తోంది. హోటలు తీసేయమంటే తీసేస్తానండి, దీని ఉద్యోగం మాత్రం తియ్యొద్దు."

ఆయన చాలాసేపు రాశారు. మాస్టర్ గారికీ నాకూ వార్నింగు, మళ్లీ ట్రైనింగు. గేటు ఫోనులో భోజనం మాట వినపడితే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తానన్నారు. రిసీవర్ వదిలేసి వెళ్లినందుకూ అబద్ధం చెప్పినందుకూ నాకు విడివిడిగా పడ్డాయి చీవాట్లు. తర్వాత రాహేలక్క వైపు తిరిగి, "మీ హోటల్ మా రూల్ బుక్‌లో లేదమ్మా. అందుకని దాని మీద నేనేం రాయలేను" అని కలం మూశారు. వెళ్లేటప్పుడు గోంగూర పప్పుతో తినే వెళ్లారు.

ఇప్పుడు మాస్టర్ గారు భోజనాల సంగతి తన సెల్ నుంచి నేరుగా రాహేలక్కకే చెప్తారు. హోటల్ బాగా నడుస్తోంది. గేటు డ్యూటీకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను రెండు మాటలు చెప్తాను. రిసీవర్ ఎప్పుడూ వదిలి వెళ్లకండి. తప్పు జరిగితే మీది మీరు చెప్పండి, ఎదుటివాళ్లది వాళ్లని చెప్పుకోనివ్వండి. ఆ రోజు రాహేలక్కని నేను కాపాడుతున్నానని తెగ మురిసిపోయాను. గుమ్మం దాటి లోపలికొచ్చి నన్ను కాపాడింది ఆమే.