నర్స్ అనే మాటకు మొదటి అర్థం

1982లో నేను ఇల్లినాయి రాష్ట్రంలోని అరోరాలో ఒక ఆసుపత్రిలో, సర్జరీ వార్డులో పగటి షిఫ్టు నర్సుని. గుంటూరులో చదివిన చదువు చాలదని మళ్ళీ లైసెన్సు పరీక్ష రాసి చేరాను. అక్కడి పద్ధతులన్నీ నేర్చుకున్నాను గానీ ఒక్క అలవాటు మాత్రం పోలేదు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు "తిన్నారా?" అని అడిగేదాన్ని. మనకది పలకరింపు, వాళ్ళకి తనిఖీ. కొందరు పాపం తప్పు చేసినవాళ్ళలా ట్రేలో వదిలేసిన బఠాణీలు చూపించేవారు.

కోల్‌మన్ గారికి మాత్రం ఒళ్ళు మండింది. ఆయన హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయిన పెద్దమనిషి. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు, పిల్లలు లేరు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి తిండి మానేశారు. దాంతో గాయం మానడం లేదు.

"చార్టులో రాసుకోవడానికేగా ఈ ప్రశ్న?" అన్నారు.

"దానికి ట్రే చూస్తే చాలండీ, మిమ్మల్ని అడగక్కర్లేదు" అన్నాను. నాకూ చిరాకేసింది.

ఆయన నా వంక పరీక్షగా చూశారు. "నర్స్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?"

తెలియదన్నాను. ఇక పాఠం మొదలైంది. పాలిచ్చి పెంచడం అనే అర్థమున్న లాటిన్ మాట ఫ్రెంచిలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చిందట. మొదట్లో నర్స్ అంటే పరాయి బిడ్డకు పాలిచ్చే ఆడమనిషి. రోగుల్ని చూసుకోవడం తర్వాత చేరిన అర్థం. మొక్కలు పెంచేచోటు నర్సరీ. మనసులో పగ పెంచుకున్నా నర్స్ చేయడమే, ఒక్క గ్లాసు విస్కీని గంటసేపు చప్పరిస్తూ కూర్చున్నా నర్స్ చేయడమే.

"మా భాషలో దాది అంటాం. ఆవిడా పాలిచ్చి పెంచేదే" అన్నాను. 'దాది' అని ఇష్టంగా పలికి చూసుకున్నారు. ట్రే మాత్రం ముట్టలేదు.

మర్నాడు పొద్దున సర్జన్ మూర్తి గారు చార్టు చూసి నన్ను పక్కకు పిలిచారు. ఆయనా మా జిల్లావారే.

"వెయిట్ బాగా పడిపోతోందమ్మా. ఎన్‌జీ ట్యూబ్ వేసేద్దాం."

ముక్కులోంచి కడుపులోకి దించే సన్నని గొట్టం అది. అందులోంచి ద్రవాహారం పోస్తాం. పీకేసుకుంటారనుకుంటే ఆ రోజుల్లో చేతులు మంచానికి కట్టేసేవాళ్ళం. గొట్టం దించాల్సింది నేను, చేతులు కట్టాల్సిందీ నేనే.

"ఆయన ఒప్పుకోరు డాక్టర్ గారూ."

"చూస్తూ చూస్తూ వదిలేస్తామా మరి? సరే, ఈవెనింగ్ దాకా వెయిట్ చేస్తాను. అంతే."

మధ్యాహ్నం భోజనం ట్రే పెట్టి, ఏం చేయాలో తోచక అడిగాను. "ఇంట్లో ఎవరితో తినేవారు?"

"మార్గరెట్‌తో. పెళ్ళయిన దగ్గర్నుంచీ. తను ఎదురుగా కూర్చునేదాకా నేను స్పూను ఎత్తేవాణ్ణి కాదు."

అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ మేమంతా ట్రే పెట్టి, పక్కన నిలబడి, ఎంత తింటారా అని చూస్తున్నాం. అలా చూస్తుంటే ముద్ద ఎవరికి దిగుతుంది? నర్సులు పేషెంటు గదిలో తినకూడదని రూలు. హెడ్ నర్సుని అడిగితే "తలుపు వేసుకో, నేనేమీ చూడలేదు" అంది. నా అన్నం డబ్బా తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుని పెరుగన్నం, ఆవకాయ తినడం మొదలుపెట్టాను. ట్రే వంక చూడలేదు. నా డబ్బా సగమయ్యేసరికి స్పూను చప్పుడు వినిపించింది.

సాయంత్రం మూర్తి గారు ఖాళీ సూప్ గిన్నె చూసి, "ఇది మీరు తాగలేదు కదా?" అన్నారు నాతో.

"ఒట్టు డాక్టర్ గారూ!"

ట్యూబ్ ఆర్డరు కొట్టేశారు. అప్పట్నుంచి నా భోజనం ఆయన గదిలోనే. గాయం మానింది. ఇంటికి పంపుదామనుకుంటుండగా న్యుమోనియా పట్టుకుంది. ఈసారి నిజంగానే మింగలేకపోయారు. మూర్తి గారు మంచం పక్కన కూర్చుని ట్యూబ్ వేయమంటారా అని నెమ్మదిగా అడిగారు. ఆయన తల అడ్డంగా ఊపారు. మూర్తి గారు మళ్ళీ ఒకసారి అడిగి, ఆయన మాటే చార్టులో రాశారు.

ఆ మధ్యాహ్నం తడి దూదితో ఆయన పెదాలు అద్దుతున్నాను. డబ్బా తెచ్చుకోలేదు. గుటక దిగని మనిషి ముందు అన్నం తినడమా!

"మీ భోజనం ఏది?" అన్నారు, వినపడీ వినపడనట్టు.

"ఇవాళ వద్దండీ."

"తెచ్చుకోండి. నన్ను ఒక్కణ్ణే వదలకండి."

తెచ్చుకున్నాను. ఏడుపు దిగమింగుకుంటూ తిన్నాను. చివరి ముద్ద దాకా చూసి కళ్ళు మూసుకున్నారు. మర్నాడు నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

తినిపించడం నా పని అనుకునేదాన్ని. తినలేని మనిషి ఎదురుగా కూర్చుని, ఆయన కోసం తినడం కూడా నా పనేనని కోల్‌మన్ గారు నేర్పారు. నా ఉద్యోగంలో అంత కష్టపడి తిన్న అన్నం ఇంకొకటి లేదు.