రాధాబాయి దగ్గు

నిజామాబాద్‌లో మా గల్లీ ఆడవాళ్లమంతా ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుడతాం. రాధాబాయి చుట్టిన బీడీకి కార్ఖానావాళ్లు ఎన్నడూ వంక పెట్టలేదు. ఆమె నోరూ అంతే, ఎవరికీ లొంగదు. అట్లాంటి మనిషి ఈ చలికాలంలో భయంతో సగమైంది.

దగ్గు మా అందరికీ ఉన్నదే. తంబాకు దుమ్ములో బతికేవాళ్లకు దగ్గు లేకపోతేనే వింత. కానీ రాధాబాయి దగ్గితే కొంగు మీద ఎర్రటి మరక పడుతోంది.

"గిదేందే రాధా?" అని అడిగాను.

"దారం రంగు పెంటవ్వా. కొసను పండ్లతోని కొరుకుత గదా."

బీడీ కట్టను మా కార్ఖానా ఇచ్చే దారం ఎరుపే. ఇంకెవరైనా నమ్మేవారు. నేను చదివింది రెండో తరగతే గానీ, రంగుకూ నెత్తురుకూ తేడా తెలియనంత మొద్దును కాను.

"దవఖానకు నడువ్."

"నువ్వే పో. నీ నోటికి సూది మందు ఉంటదేమో అడుగు."

ఆమెది చావు భయం కాదు. చిన్నప్పుడు బోధన్ దగ్గర వాళ్లు చెరకు నరికే కూలీలు. తల్లికి టీబీ వచ్చింది. ఆమె తాగిన గిలాసను తోటి కూలీలే కర్రతో నెట్టి గట్టు అవతల పడేశారు. రాధ దాన్ని ఏరుకొచ్చి, కడిగి, తల్లికి నీళ్లిచ్చింది. అప్పటి నుంచి ఆ రోగం పేరు కూడా పలకదు.

ఆమె మనవరాలు దీక్షిత రోజూ ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసుకుని పడుకుంటుంది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన ఆ పిల్ల అరుగెక్కుతూ దగ్గింది. మళ్లీ దగ్గింది. రాధాబాయి చేతిలో కత్తెర ఆగిపోయింది.

"సల్లటి నీళ్లు తాగినవా బిడ్డా?"

"లేదవ్వా."

"ఐసు తిన్నవా? తిన్ననని చెప్పు, కొట్ట."

"తినలేదే!"

రాధాబాయి ఆకుల చాట పక్కకు నెట్టి లేచింది. "పెంటవ్వా, నడువ్. పిల్లను గూడ పట్టుకపోదాం."

ఆటోలో దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. సర్కారు దవఖానలో చిన్న డబ్బీ ఇచ్చి కళ్లె ఉమ్మమన్నారు. ఆమె పెట్టిన మూత సరిగా పడటం లేదు. నేను పెట్టబోతే కసిరింది. "నాది. నేనే పెడత."

సాయంత్రానికల్లా టీబీయేనని తేలింది. మందులు విడవకుండా మింగితే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట రాధాబాయి చెవికి ఎక్కలేదు. పిల్ల ఛాతీకి ఫోటో తీసి, సంగతి రేపు చెబుతామన్న మాట ఒక్కటే ఎక్కింది.

గల్లీ మొదట్లో ఆటో దిగాక అన్నాను, "ఎవ్వలకు చెప్పకు. నేను గూడ చెప్ప."

ఆమె వినలేదు. మూతికి గుడ్డ కట్టుకుని అరుగు కింద నిలబడింది.

"నాకు టీబీ," అంది. "పిల్లకు అంటిందో లేదో రేపు తెలుస్తది. మీరు గూడ చూపించుకోర్రి."

ఒకామె తన చాటను వెనక్కి లాక్కుంది. రాధాబాయి అది చూసింది. చూసినా కదలలేదు.

మూలన కూర్చున్న సుమన చాలా రోజులుగా దగ్గును మింగుతోందని నాకు తెలుసు. ఆమే మెల్లగా నోరు తెరిచింది.

"అక్కా, దవఖానకు పొద్దుగాలనే పోవాల్నా?"

"పొద్దుగాలనే. పిల్ల సంగతి తెలుసుకోను నేను గూడ పోవాలె," అంది రాధాబాయి. "నాతోని రా."