మిలటరీ మామ చేయించిన కూడిక

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటి పనులన్నీ ఫ్యాక్టరీ సైరన్‌ను బట్టే జరిగేవి. మాది జనగామ వైపు పల్లె. నాన్నకు రంగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పని దొరకడంతో ఆ వాడకు వచ్చి అద్దెకు దిగాం. మా పక్కింట్లో మిలటరీ మామ ఉండేవాడు. సొంత మామ కాదు, వాడలో అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు. సైన్యంలో పదిహేనేళ్ళు వైర్‌లెస్ మీద కూర్చుని, తిరిగి వచ్చాక నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే గేటు దగ్గర టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాడు.

ఆయనకు ఒక వింత అలవాటుండేది. ఎవరేం చెప్పినా దాన్ని తిరిగి చెప్పేవాడు. అత్త ఉప్పు తెమ్మంటే, "ఉప్పు, అరకిలో, దొడ్డుప్పు" అని ఆమెకే వినిపించి, ఆమె ఊఁ అన్నాక చెప్పులు వేసుకునేవాడు. మేం పిల్లలం వెనక నుంచి ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఒక ఆదివారం మమ్మల్ని ఎనిమిది మందిని పిలిచి, వాడ పొడుగునా దూరందూరంగా నిలబెట్టాడు. మొదట ఉన్న నా చెవిలో ఒక మాట చెప్పి, దాన్ని ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి దాటించమన్నాడు. పదకొండు గంటలకు రెండో గేటుకు మూడు సైకిళ్ళు పంపాలి అన్నది ఆ మాట. చివర నిలబడ్డ పిల్ల దగ్గరికి చేరేసరికి అది రెండు గంటలకు మూడో గేటు నుంచి పన్నెండు సైకిళ్ళు పోయాయని మారింది. మేం పడీపడీ నవ్వాం.

ఆయన నవ్వలేదు. తప్పు ఎవరిదని అడిగాడు. మేం ఒకరినొకరం చూపించుకున్నాం.

"నాది," అన్నాడు. "తప్పు వస్తే పట్టుకునే ఉపాయం చెప్పకుంటనే పంపిన గద."

అప్పుడు చెప్పాడు ఉపాయం. విన్నది తిరిగి చెప్పాలి. అంకెలుంటే వాటిని కూడి ఆ మొత్తాన్ని కూడా పంపాలి. అందుకున్నవాళ్ళు తామూ కూడి చూసుకోవాలి. కలవకపోతే మళ్ళీ అడగాలి. ఈసారి మాట చివరిదాకా చెక్కుచెదరకుండా వెళ్ళింది. ఆటగా బాగుంది అనుకున్నానే గానీ అంతకు మించి నా బుర్రకు ఎక్కలేదు. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

అదే వారంలో ఒక మధ్యాహ్నం మామ టిఫిన్ డబ్బా మరిచిపోతే, అత్త నాతో పంపింది. గేటు పక్కన ఆయన కూర్చునే గది చాలా చిన్నది. బల్ల మీద రెండు ఫోన్లుండేవి. ఒకటి బయటికి, ఒకటి లోపలి షెడ్లకు. నేను వెళ్ళేసరికి రెండు రిసీవర్లూ ఆయన రెండు చెవులకూ ఉన్నాయి. కళ్ళతోనే నన్ను కూర్చోమన్నాడు. కాసేపటికి నాకు సంగతి కొంత అర్థమైంది. లోపల పనిచేసే ఎవరి కళ్ళలోనో డ్రమ్ములోని, రంగుల్లో కలిపే మందు చింది పడింది. మనిషిని దవాఖానాకు తీసుకుపోయారు. కళ్ళు కడుగుతున్నారు గానీ, పడ్డది ఏ మందో తెలిస్తే తప్ప తర్వాత ఏం చెయ్యాలో డాక్టర్ తేల్చుకోలేకపోతున్నాడు. బయటి ఫోన్‌లో డాక్టర్ ఎదురుచూస్తున్నాడు. లోపలి ఫోన్‌లో షెడ్డు సూపర్‌వైజర్ ఆ డ్రమ్ము నంబరు చెబుతున్నాడు. నంబరు తెలిస్తే, గేటు దగ్గరి రిజిస్టర్‌లో ఆ డ్రమ్ములో ఏముందో దొరుకుతుంది.

వెనక మిషన్ల మోత. సూపర్‌వైజర్ గొంతు చించుకుంటున్నాడు. మామ మాత్రం బయటి రిసీవర్ బల్ల మీద ఉంచి నంబరు రాసుకుంటూ, ఉప్పు తెస్తానన్నప్పటి గొంతుతోనే, "ఫోర్, ఫైవ్, టూ, సెవెన్. కరెక్టేనా సార్?" అన్నాడు. అవతల నుంచి కరెక్టే అన్న అరుపు నాకు కూడా వినబడింది. రిజిస్టర్‌లో ఆ నంబరు ఉంది. దాని ఎదురుగా ఒక మందు పేరూ ఉంది. నేనైతే ఆ పేరు చెప్పేసేదాన్నే.

"జర ఆ నాలుగంకెలు కలిపితే ఎంతైతదో చెప్పున్రి సార్," అన్నాడు మామ.

సూపర్‌వైజర్‌కు ఒళ్ళు మండింది. మనిషి అక్కడ అవస్థ పడుతుంటే ఇప్పుడు లెక్కలేందని తిట్టాడు. మామ అదే మాట, అదే గొంతుతో మళ్ళీ అడిగాడు. చివరికి అతను ఇరవై రెండు అన్నాడు. మామ తాను రాసుకున్న కాగితం నా వైపు జరిపి, కూడమని సైగ చేశాడు. కూడితే పద్దెనిమిది వచ్చింది. మళ్ళీ కూడినా అంతే.

"మామా, కలుస్తలేదు. నాలుగు తక్కువున్నది," అన్నాను.

ఆయన ఫైవ్ మీద వేలు పెట్టాడు. దాని పక్కన తొమ్మిది రాశాడు. అప్పుడు ఫోన్‌లో ఒక్కో అంకెనూ తెలుగులో అడిగాడు. నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు. ఆ మోతలో అటువాళ్ళు నైన్ అంటే ఇటు ఫైవ్‌లా వినిపించింది, ఇటు నుంచి ఫైవ్ అంటే అటు నైన్‌లా వినిపించింది. రిజిస్టర్‌లో పేజీ తిప్పితే ఆ నంబరు ఎదురుగా ఉన్నది పూర్తిగా వేరే మందు. ఆ పేరును డాక్టర్‌కు ఒక్కో అక్షరంగా చెప్పి, తిరిగి చెప్పించుకుని, ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాక నీళ్ళ గ్లాసు అందుకోబోయి బల్ల మీద ఒలకబోశాడు. తర్వాత నా ముందుకు వచ్చి గొంతుక్కూర్చుని, "బిడ్డా, ఆ దవాఖానల ఉన్నది మీ నాయినే. డాక్టర్‌కు మందు పేరు తెలిసింది. పా, పోదాం," అన్నాడు.

నాన్న మూడు వారాలు కట్టుతో ఉన్నాడు. కట్టు విప్పాక ఎడమ కంటి కింద చిన్న మచ్చ మిగిలింది, చూపు మాత్రం నిలిచింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పేపర్ చదివాడు, అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.

నాన్న ఇంటికి వచ్చిన రోజు, ముందే నాకు ఎందుకు చెప్పలేదని మామను అడిగాను. కొంచెం కోపంగానే అడిగాను.

"చెప్తే ఏడ్వవా? ఏడిస్తే లెక్క తప్పుతుండె. నాకు ఆ లెక్క కావాలె."

ఇవన్నీ మిలటరీలోనే నేర్చుకున్నావా, బయట నేర్పరా అన్నాను.

"వైర్‌లెస్ పని పట్నంల గూడ నేర్పుతరు బిడ్డా, నాకన్న మంచిగనే నేర్పుతరు. కాని అక్కడ నేనొక్కటి తప్పు చెప్తే, అది ఎవరికి తగులుతదో ఆళ్ళు నా పక్క మంచం మీదనే పంటరు, నాతోనే తింటరు. గట్ల నేర్చుకుంటే చదువు ఇంకో తీరుగ ఉంటది."

ఈమధ్య ఉప్పల్‌లో మా ఇంట్లో ఈ కథంతా చెప్పాల్సి వచ్చింది. నా మనవరాలికి మిలటరీ అకాడమీలో సీటు వచ్చింది. అక్కడ కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంది. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయికి అది మింగుడుపడలేదు.

"కంప్యూటర్లే చదవాలంటే ఇక్కడ గల్లీకో కాలేజీ ఉంది. పొద్దుగాల లేచి ఉరికి, బురదల పాకి, ఆ అలసటతోని క్లాసుల కూసునుడు ఎందుకే?" అన్నాడు.

"డాడీ, ఇప్పుడు అక్కడ రేడియో, మ్యాపు, డ్రోను, అన్నీ ప్రోగ్రామ్‌ల మీదనే నడుస్తయ్. రేపు స్క్రీన్ మీద ఒక చుక్క చూసి, అటు పోదాం పాండ్రి అని నేను నా టీమ్‌కు చెప్పాలె. ఆ చుక్క నిజమో కాదో, మధ్యల ఎవరన్న మార్చిన్రో, నాకే తెల్వకపోతే ఎట్ల చెప్త?"

"దానికి ఎక్స్‌పర్టులుంటరు కదా."

"ఉంటరు. వాళ్ళు ఆఫీసుల ఉంటరు. నేను పోయేటోళ్ళతోని ఉంట."

నాకు మామ మాటే మళ్ళీ విన్నట్టనిపించింది. మిలటరీ మామ పోయి చాలా ఏళ్ళయింది, ఈ పిల్ల ఆయన్ను చూడనైనా లేదు. మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఆ మధ్యాహ్నం జరిగిందంతా చెప్పాను. తాతకు కంటి కింద మచ్చ ఉండేదని వాడికి తెలుసు గానీ, ఎలా వచ్చిందో తెలియదు. అంతా విని కూతురి వైపు తిరిగి, అక్కడికి తీసుకురమ్మన్న సామాను లిస్టు ఏదని అడిగాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి బూట్లు కొనడానికి వెళ్ళారు.

నేను ముప్పై రెండేళ్ళు లెక్కల టీచర్‌గా పనిచేశాను. వరండాలో పిల్లలు పడి తల పగలగొట్టుకున్న రోజులున్నాయి, కోడలికి పురుడు కష్టమైన రోజు ఉంది. అలాంటప్పుడు చుట్టూ గొంతులు పెరిగేకొద్దీ నా గొంతు తగ్గుతుంది. నర్సు చెప్పింది అర్థం కాకపోతే తల ఊపను, కసురుకున్నా సరే మళ్ళీ అడుగుతాను. నాకు భయమే వెయ్యదని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ఎందుకు వెయ్యదు? పని అయ్యాక, ఒక మూల కూర్చుని, తీరుబడిగా భయపడతాను.