అంటే మేడం

మా మేనత్తకి ఒకే ఒక్క జబ్బు. ఎవరేం చెప్పినా, ఎంత తేటగా చెప్పినా, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి "అంటే?" అనేది. టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీలో పనిచేసేది కాబట్టి అక్కడంతా ఆమె పేరు అంటే మేడం. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు.

ఇంట్లోనూ అదే వరస. "కాస్త తొందరగా అన్నం పెట్టవే, ఆకలి దంచేస్తోంది" అని మావయ్య గుమ్మంలోంచే కేకేసేవాడు.

"తొందరగా అంటే?"

"నేను పోయేలోగా!"

ఓసారి మా అక్కకి సంబంధం తెచ్చిన పెద్దాయన, "కుర్రాడు బహు నెమ్మదస్తుడమ్మా" అన్నాడు. "అంటే? మాట్లాడడా, పని చెయ్యడా?" అంది అత్తయ్య. పాపం, ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో శిక్షణ కాలేజీలన్నీ కలిసి, కాబోయే టీచర్ల వివరాలు అందరూ ఒకే పద్ధతిలో కంప్యూటర్లో పెట్టుకోవాలని ఒక కమిటీ వేశాయి. అప్పటిదాకా ఎవరి గోల వారిదే. విద్యార్థులు బళ్లకి వెళ్లి పాఠం చెప్పే ప్రాక్టీసుని ఒకరు వారాల్లో రాసేవారు, ఇంకొకరు పాఠాల లెక్కన రాసేవారు, మరొకరు 'తృప్తికరం' అని రాసి చేతులు దులుపుకునేవారు. వీటన్నిటినీ ఒక పట్టికలో ఇమడ్చడం నా పని. కంప్యూటరు వచ్చిన మేనల్లుణ్ని కదా, ఆ కమిటీలో ఉన్న అత్తయ్యే నన్ను లాక్కొచ్చింది.

పొడవాటి బల్ల, చల్లారిన టీలు, కిర్రుమనే ఫ్యాను. "మొదటి గడి, విద్యార్థి పేరు. దీంట్లో పేచీ ఏం లేదుగా?" అన్నారు అధ్యక్షులవారు.

"పేరంటే? ఇప్పటిదా, పాత సర్టిఫికెట్లోదా? పెళ్లయ్యాక మార్చుకున్న పిల్ల గతేంటి?"

ఆ పూటంతా పేరుకే సరిపోయింది. మర్నాడు హాజరు దగ్గర మళ్లీ మొదలు. "హాజరంటే? కూర్చుని నిద్రపోయినా హాజరేనా?" అనగానే అధ్యక్షులవారే ఉలిక్కిపడి కళ్లు తెరిచారు.

ఎలాగోలా చివరికొచ్చాం. "ప్రాక్టీసు వారాల్లోనే. ఖాయం!" అని ఆయన ఫైలు మూస్తుండగా గుమ్మంలో ఒకమ్మాయి నిలబడింది. భర్తకి బదిలీ అయి, చదువు మధ్యలో ఇంకో కాలేజీ నుంచి వచ్చిందట.

"సార్, మీరు పరీక్షగా నింపిస్తున్న కొత్త పట్టికలో నా ప్రాక్టీసు సున్నా చూపిస్తోందండీ. అక్కడ పాఠాల లెక్కన రాశారు, ఇక్కడ వారాలే కావాలంటున్నారు. ఈ నెలలో సర్టిఫికెట్ ఇవ్వకపోతే నాకొచ్చిన ఉద్యోగం పోతుంది."

"మళ్లీ చేసెయ్యమ్మా, ఒక్క టర్మే కదా."

"సున్నా అంటే?" అంది అత్తయ్య. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "ఏం చెప్పావు? ఎవరికి చెప్పావు?"

అమ్మాయి చెప్పడం మొదలెట్టింది. భాగహారం పేరెత్తితే ఏడ్చే క్లాసట. గవ్వలు పంచిపెట్టి నేర్పిందట. సెలవులకి వెళ్తుంటే పిల్లలు సైకిలుకి అడ్డం పడ్డారట. చెప్పి, చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఆఫీసులో అన్ని కిటికీల దగ్గరా ఎన్ని వారాలనే అడిగారండీ. ఏం చేశావని ఎవ్వరూ అడగలేదు."

అత్తయ్య అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఈ పిల్ల చెప్పిన పాఠాలు మన గడిలో పట్టకపోతే తప్పు పిల్లదా, గడిదా?"

"ఖాయం చేసేశాం కదా మేడం!"

"ఖాయం అంటే?"

ఎవరూ నవ్వలేదు. పెళ్లయ్యాక పేరు మారిన పిల్ల సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ అడిగినవన్నీ ఇలా గడి బయట మిగిలిపోయే వాళ్ల కోసమే.

"ఒరేయ్, 'ఎన్ని' అనే గడి పక్కన 'ఏ లెక్కన' అని ఇంకోటి పెట్టగలవా?"

"ఈ టీ తాగేలోగా పెట్టేస్తానత్తయ్యా."

పెట్టాను. సున్నా పోయింది, అమ్మాయికి ఉద్యోగం దక్కింది. ఆ గడి కూడా అన్ని కాలేజీల్లోనూ నిలిచిపోయింది.

అత్తయ్య రిటైరైన రోజు అధ్యక్షులవారు మైకు పట్టుకుని, "మేడం మాకెప్పుడూ గుర్తుంటారు" అన్నారు. అత్తయ్య నోరు తెరిచేలోపే హాలు హాలంతా "అంటే?" అని అరిచింది.

నవ్వులు సద్దుమణిగాక, ఇప్పుడు టీచరైన ఆ సున్నా అమ్మాయి లేచింది. "అంటే... పిల్లలు తప్పు చెప్పినప్పుడు కసురుకోబోతానండీ. అంతలో మీరు గుర్తొస్తారు. 'అంటే?' అని ఊరుకుంటాను. వాళ్లే మెల్లగా చెప్పుకొస్తారు."

అత్తయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "సరే" అంది.

మావయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఇదే మొదటిసారి వినడం రా!"